కడిగి పంపిన పిస్టన్

ఆ రోజు నేను ఒక స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసి చూడలేదు. తీయడానికి అర నిమిషం పట్టదు. ముప్పై ఏళ్ళకు పైగా ట్రాక్టర్ ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి, నా బల్ల మీద పెట్టిన డబ్బాలో ఏముందో చూడకుండానే ఒక మనిషి ఉద్యోగం పోయే కాగితం మీద సంతకం పెట్టాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చే అనుభవం ఏదైనా రాయమని నన్ను కొందరు అడిగారు. నా దగ్గర పనికొచ్చేది ఇదొక్కటే.

నేను ఒక ట్రాక్టర్ల కంపెనీ ప్రాంతీయ కార్యాలయంలో వారంటీ విభాగం చూసేవాణ్ణి. పంజాగుట్టలో మూడో అంతస్తు మాది, కిటికీలోంచి చూస్తే ఫ్లైఓవర్. జిల్లాల్లో ఎక్కడ ఇంజన్ పాడైనా, అందులో విరిగినవీ కాలినవీ సంచుల్లో కట్టుకుని మా దగ్గరికి వచ్చేవి. వాటిని చూసి, తప్పు కంపెనీదా, నడిపినవాడిదా, బాగుచేసినవాడిదా అని నేను రాయాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంజన్ ఆగిన చోటికే వెళ్ళేవాణ్ణి. హోదా పెరిగినకొద్దీ వెళ్ళడం తగ్గింది. చివరి ఏళ్ళలో ఫోటోలు, సంచులు, కుర్చీ, అంతే.

ఒక ఏడాది ఆఫీసుకు మరమ్మతులు చేయించి కొత్త కార్పెట్ వేశారు. వారం తిరక్కుండానే ఒక సంచిలోంచి నల్లటి ఇంజన్ ఆయిలు కారి, మా పెద్ద సారు గది ముందు పళ్ళెమంత మరక పడింది. ఆయన మరకను చూసి నా వైపు చూశారు. ఆ సాయంత్రమే డీలర్లందరికీ ఒక సర్క్యులర్ పంపాను. భాగాలన్నీ డీజిల్‌తో శుభ్రంగా కడిగి, తుడిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంపాలి, మురికిగా వచ్చిన వాటిని తీసుకోము అని. ఆ ముక్క రాసినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మా ఆఫీసు అటెండరు కృష్ణానగర్‌లో ఉండేవాడు. నలభై దాటిన మనిషి, సెలవు దొరికితే సినిమాల్లో కానిస్టేబుల్ వేషానికి పోయేవాడు. పాడైన భాగాలు దాచే గది తాళం అతని దగ్గరే ఉండేది.

"గిప్పుడు మన రూము దవాఖాన లెక్క మస్తు సాఫ్‌గ ఉన్నది సార్," అన్నాడు ఒకరోజు.

క్లెయిముల లెక్క చూసే మేడమ్ తల ఎత్తకుండానే అంది, "దవాఖాన కాదు, మార్చురీ. కడిగేసిన శవాలకి సారు పోస్ట్‌మార్టం చేస్తున్నారు."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆమె మాట నాకు ఆ తర్వాత నాలుగైదు నెలలకు గానీ అర్థం కాలేదు. నవ్వినవాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అసలు విషయానికి ముందు ఇంజన్ గురించి కొంచెం చెప్పాలి. ఇంజన్ నుంచి ఎక్కువ పవర్ రాబట్టడం పెద్ద విద్య కాదు. సిలిండరులోకి ఇంకాస్త డీజిల్ కొట్టాలి, అది కాలడానికి టర్బోతో ఇంకాస్త గాలి కుక్కాలి. వచ్చిన వేడిని ఏం చేయాలన్నదే విద్య. కారు తన పూర్తి పవర్‌ను ఏ లారీనో దాటేటప్పుడు కాసేపు వాడుకుంటుంది. వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరు పొద్దున మొదలుపెడితే ఎండ దిగేదాకా దాదాపు ఉన్న పవరంతా లాగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని నెమ్మదిగా తిరిగేలా, గోడలు మందంగా ఉండేలా కడతారు. ఇప్పటి ఇంజన్లలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. వేడి హద్దు మీరితే అదే డీజిల్ తగ్గిస్తుంది. వీటన్నిటికీ తోడు ప్రతి పిస్టన్ కిందా వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది, జెట్ అంటాం. కింది నుంచి పిస్టన్ కడుపు మీదికి ఆయిలు చిమ్ముతూ చల్లబరచడం దాని పని. పాత ఇంజన్లు చాలావాటికి ఈ జెట్ లేదు, అవసరమూ లేదు. పవర్ పెంచుకుంటూ పోయినకొద్దీ ఇంజన్ మన్నిక ఇలాంటి చిన్న గొట్టాల మీద నిలబడింది. నాలుగు పిస్టన్ల కింది నాలుగు జెట్లలో ఒక్కటి మూసుకుపోతే ఆ ఒక్క పిస్టన్ కాలి సిలిండరుకు పట్టేస్తుంది.

ఇది నాకు తెలుసు. తరగతుల్లో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి.

సిటీకి రెండు గంటల దూరంలో ఉన్న ఒక షోరూం నుంచి ఆ సంచి వచ్చింది. ట్రాక్టరు కొత్తది, పెద్దది, ఇంకా రెండో సర్వీసు కూడా కాలేదు. మూడో పిస్టన్ పట్టేసింది. మిగతా మూడూ బాగున్నాయి. అన్నీ డీజిల్‌తో కడిగి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, విడివిడిగా కవర్లలో పెట్టి, కవరు మీద పెన్నుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసి పంపారు. ఎంత శ్రద్ధగా పంపారోనని మెచ్చుకున్నాను కూడా. ఆ భాగాల మీద ఒక్క చుక్క ఆయిలు లేదు. ఆయిల్లో ఏం తేలిందో, ఏ మూల ఏం ఇరుక్కుందో చెప్పేది ఏదీ మిగల్లేదు.

మిగిలిందల్లా ఒక సెన్సరు మీద స్క్రూడ్రైవరు గీతలు. డీజిల్ ఒత్తిడి ఎంతుందో కంప్యూటరుకు చెప్పే సెన్సరు అది. ఆ రోజుల్లో పవర్ చిప్పులని కొన్ని బజార్లో అమ్మేవాళ్ళు. అలాంటిదొకటి సెన్సరు దగ్గర తగిలిస్తే, ఒత్తిడి తక్కువుందని కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. అది నమ్మి కంప్యూటరు ఇంకా డీజిల్ కొడుతుంది. పవర్ పెరుగుతుంది, ఇంజన్ ఆయుష్షు తరుగుతుంది. పైగా ఆ ట్రాక్టరు యజమాని, పక్క పొలం బండి కంటే తనది బాగా లాగుతోందని షోరూంలో గొప్ప చెప్పుకున్నాడట. గీతలు, గొప్పలు, కాలిన పిస్టన్. మూడూ కలిపి నా మనసులో కథ అల్లేసుకున్నాను. చిప్పు పెట్టారు, ఇంజన్ పోయాక పీకేశారు. పెట్టింది షోరూం మెకానిక్కే అయ్యుండాలి, ఆ పని తెలిసింది అతనొక్కడికే.

చిప్పు పెడితే నాలుగు సిలిండర్లలోకీ డీజిల్ ఎక్కువ పోవాలి కదా, మూడోదే ఎందుకు కాలింది? ఈ ప్రశ్న నాకు రాలేదని చెప్పలేను. వచ్చింది. బుధవారం మీటింగుకు రిపోర్టు సిద్ధం కావాలి, అందుకని పక్కన పెట్టాను.

ఆ బుధవారమే మెకానిక్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తన మీద అనుమానం ఉందని డీలరు నోటి వెంట విని, పొద్దున్నే బస్సెక్కి, అమీర్‌పేటలో మెట్రో దిగి నడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటాయి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, గోళ్ళలో మాత్రం నలుపు. పదింటికి వచ్చిన మనిషిని మీటింగుకు పావుగంట ముందు గానీ లోపలికి పిలవలేదు. వస్తూనే చేతిసంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు. డబ్బా మీద చుక్కలతో చెక్కిన పేరుంది, అతని భార్యదయ్యుంటుంది.

జిల్లాల నుంచి వచ్చే మెకానిక్కులు సకినాలో, మామిడికాయ పచ్చడో తేవడం మామూలే. క్లెయిము విషయంలో మెత్తబడతామని ఆశ. నేను తీసుకునేవాణ్ణి కాదు. తీసుకోననే పేరు నాకుంది, ఆ పేరంటే నాకు ఇష్టం.

"ఏంటిది? ఇలాంటివి ఇక్కడ నడవవని తెలీదా నీకు?" అన్నాను. నాకంటే నాలుగైదేళ్ళే చిన్నవాడు. అయినా నువ్వు అన్నాను.

"తినేది కాదు సార్. జర మూత తీసి చూడుండ్రి."

"ముందు ఆ డబ్బా బల్ల మీంచి తియ్యి."

"సార్, నేను చిప్పు పెట్టలె. మా పిల్లల మీద ఒట్టు. ప్రెషర్ చూద్దామని ఆ సెన్సర్ నేనే ఇప్పిన, గీతలు నాయే. మీరు కడిగి పంపుమన్నరని అన్ని కడిగిన. గిదొక్కటి కడగబుద్ధి కాలె. ఒక్కసారి చూడుండ్రి."

అంతలో మీటింగ్ గది తలుపు తెరుచుకుంది. పెద్ద సారు వాచీ చూసుకుంటున్నారు. నేను అటెండర్ని కేకేసి, ఆ డబ్బాకు చీటీ కట్టి గదిలో పెట్టమన్నాను. "తర్వాత చూస్తాలే" అని మెకానిక్‌తో అన్నాను.

తినేది కాదన్నాడు. గిదొక్కటి కడగలేదన్నాడు. ఆ మాటలు నా చెవిన పడలేదని నాకు నేనే చెప్పుకోవడానికి చాలా రోజులు ప్రయత్నించాను. పడ్డాయి. అప్పటికే రిపోర్టు ప్రింటు తీయించాను, నలుగురికీ కాపీలు పంచాను. డబ్బాలో ఉన్నది నా రిపోర్టుకు అడ్డం వస్తుందేమోనన్న భయం ఎక్కడో ఉండే ఉంటుంది. లేకపోతే మీటింగు అయ్యాకైనా చూసేవాణ్ణి కదా. సంతకం పెట్టాను, భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అతను వెళ్ళిపోయాడు. మూడు గంటల దాకా మెట్ల మీద కూర్చున్నాడని అటెండరు చెప్పాడు.

వారంలో డీలరు అతన్ని పనిలోంచి తీసేశాడు. కంపెనీ సాఫ్ట్‌వేరు తెరవడానికి అతనికున్న నంబరు మేమే ఆపేశాం. ఆ నంబరు లేకపోతే మా కొత్త ఇంజన్ మీద చేయి వేయలేడు. సంగతి తెలిసిన మరో కంపెనీ షోరూం కూడా రానివ్వదు.

నేను అక్కడితో ఆగలేదు. నెలకోసారి అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల మధ్య ఉన్న ఒక అద్దె హాల్లో మెకానిక్కులకు శిక్షణ పెట్టేవాళ్ళం. కింద కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచుతుంటే, పైన మేం ఇంజన్ల గురించి మాట్లాడేవాళ్ళం. ఆ నెల తరగతికి ఆ మూడో పిస్టన్‌ను తీసుకెళ్ళాను. నలభై మంది చేతులు మారుతూ అది హాలంతా తిరిగింది. పవర్ కోసం కక్కుర్తి పడితే ఇలా ఉంటుందన్నాను. పేరు చెప్పలేదు. ఎవరి గురించో అందరికీ తెలుసు. వెనక వరసలోంచి ఒకతను, "గా అన్న అసొంటోడు కాదు సార్," అన్నాడు. "పిస్టన్ అబద్ధం చెప్పదయ్యా," అని జవాబిచ్చాను. హాలు నవ్వింది.

నాలుగు నెలల తర్వాత ఇంకో జిల్లా నుంచి ఇంకో సంచి వచ్చింది. ఈసారి కథ పిస్టన్ దగ్గర ఆగలేదు. ఇంజన్ లోపలి కడ్డీ విరిగి గోడ చీల్చుకుని బయటికొచ్చింది, మరిగే ఆయిలు వేడెక్కిన టర్బో మీద పడి మంట లేచింది. వడ్లు వేసుకుని వస్తున్న డ్రైవరుకు ఎడమ కాలు మోకాలి కింద కాలింది. అక్కడి మెకానిక్ కొత్తవాడు, నా సర్క్యులర్ సంగతి అతనికి తెలియదు. భాగాలన్నిటినీ ఉన్నవి ఉన్నట్టే, జిడ్డుతో, మసితో మూటగట్టి పంపాడు. వాసనకు మేడమ్ ముక్కు మూసుకుంది. కార్పెట్ మీద మళ్ళీ మరక పడింది.

పాత పేపర్లు పరిచి, చాలా ఏళ్ళ తర్వాత చేతులకు మసి అంటేలా ఒక్కొక్కటీ చూశాను. మూడో జెట్ నోట్లో చిక్కటి ఆయిలు కింద ఏదో మెరిసింది. పిన్నుతో లాగితే, ఉంగరాలు తిరిగిన జుట్టులాంటి సన్నటి ఇనుప పొట్టు వచ్చింది. ఫ్యాక్టరీలో ఆయిలు దారికి రంధ్రం తొలిచేటప్పుడు రాలేది అలాగే ఉంటుంది. కడిగి తీయాల్సింది అక్కడ. వాళ్ళు కడగలేదు. కడగకూడని చోట నేను కడిగించాను.

పొట్టును పేపరు మీద పెట్టి, భాగాల గది వైపు చూశాను. అటెండరు వచ్చి, "ఏమైంది సార్?" అన్నాడు.

"ఆ మెకానిక్ తెచ్చిన డబ్బా..."

"ఆడనే ఉన్నది సార్. పారేద్దామంటే మీ చీటీ ఉన్నదని ఊకున్న."

తెచ్చి పెట్టాడు. ఈసారి మూత తీశాను. పాత పేపరు ముక్కలో చుట్టిన జెట్. ఆయిలు ఎండి తారులా అయింది. దాని నోట్లో అదే పొట్టు. పక్కనే నోటుబుక్కు కాగితం మీద తెలుగులో రెండు వరసలు: "సార్ ఇది మూడో నెంబర్ జెట్. ఇది జామ్ అయినందుకే పిస్టన్ పోయింది. కడగలేదు, మాఫ్ చేయండి."

మాఫీ అతను అడిగాడు. సర్క్యులర్‌ను పాటించనందుకు.

మేడమ్ ఆ కాగితం చదివి తిరిగి డబ్బాలో పెట్టింది. "ఇప్పుడేం చేస్తారు సార్?" అంది. ఆ గొంతులో ఎగతాళి ఉంటే బాగుండేది.

తర్వాతి బుధవారం మీటింగులో నా రిపోర్టు తప్పని రాసి ఇచ్చాను. పెద్ద సారు చాలా మర్యాదగా మాట్లాడారు. ఆ వరసలో తయారైన ట్రాక్టర్లన్నిటికీ సర్వీసు పేరుతో జెట్లు మార్చేద్దామన్నారు. మెకానిక్ నంబరు తిరిగి తెరిపిద్దామన్నారు. "మీరు రిటైర్ కావడానికి ఇంకా ఎంతో లేదు. పాతది తవ్వుకోవడం ఎందుకండీ?" అన్నారు. కాలిన డ్రైవరును చూడటానికి ఆస్పత్రికి నేనొక్కణ్ణే వెళ్ళాను. నేనెవరో చెప్పినప్పుడు అతను కోపగించలేదు, బండి ఎప్పుడు బాగవుతుందని అడిగాడు.

మెకానిక్ బోరబండలో తన బావమరిది ఇంటి దగ్గర రేకుల షెడ్డు పెట్టుకున్నాడని తెలిసి ఒక ఆదివారం వెళ్ళాను. మూసి ఉంది. చర్చికి వెళ్ళాడని పక్కింటివాళ్ళు చెప్పారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. షెడ్డు ముందు నీళ్ళ ట్యాంకరు లాగే ట్రాక్టరు ఉంది, దాని కింద అతనున్నాడు. సెన్సరు దగ్గర చిన్న నల్ల పెట్టె తగిలించి ఉంది. నేను తరగతుల్లో వద్దని చెప్పిన చిప్పే అది.

అతను బయటికొచ్చి, నా చూపు ఎక్కడుందో గమనించాడు.

"గట్ల చూడకుండ్రి సార్. నా జిందగీల మొదటిసారి ఈడికొచ్చినంకనే పెట్టిన."

"ఎందుకు పెట్టారు?" ఈసారి మీరు అన్నాను.

"మీరు రాసిండ్రు గద. ఈయన పవర్ పెంచుతడు అని. ఊరంత ఎరికైంది. పని అడుగుదమని పోతె ఎవ్వలు రానియ్యలె. పవర్ పెంచుమని మాత్రం రోజుకొకడొస్తుండు. మస్తు పబ్లిసిటీ ఇచ్చిండ్రు సార్ మీరు."

ఆ మాటలో వెటకారం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను తెచ్చిన ఉత్తరం ఇచ్చాను. తప్పు నాదని, అతనిది కాదని కంపెనీ కాగితం మీద నా సంతకంతో ఉంది. చేతులు తుడుచుకుని చదివాడు, రెండోసారి చదివాడు, మడిచి నాకే ఇచ్చేశాడు.

"గీ కాయితం నా జేబుల ఉంటె ఏమొస్తది సార్? ఆ పిస్టన్ నలభై మంది చేతులల్ల తిప్పిండ్రట గద. గా హాల్ల సదువుండ్రి."

తర్వాతి నెల అమీర్‌పేట హాల్లో చదివాను. పైనుంచి అనుమతి అడగలేదు, అడిగితే రాదు. అదే పిస్టన్‌ను మళ్ళీ చేతులు మార్పించాను. దాని వెనకే, ఒక గాజు గిన్నెలో, కడగని జెట్‌ను పంపాను. డబ్బా సంగతి, కార్పెట్ సంగతి, మెట్ల మీద మూడు గంటల దాకా కూర్చున్న మనిషి సంగతి చెప్పాను. మూడో పిస్టన్ మాత్రమే కాలిందని తెలిసీ అడగాల్సిన ప్రశ్న అడగలేదని చెప్పాను. పోయినసారి నవ్విన హాలు ఈసారి నవ్వలేదు. వెనక వరసలో మాట్లాడినతను నా వైపు చూడకుండా జెట్ వైపే చూస్తూ కూర్చున్నాడు. కడిగి పంపాలన్న సర్క్యులర్‌ను అక్కడే చించేశాను. చించడం కొంచెం నాటకంగా ఉందని అప్పుడే అనిపించింది, కానీ చించాను.

మెకానిక్ తలుపు పక్కన నిలబడి విన్నాడు. ఎవరో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అందరూ టీకి వెళ్ళాక దగ్గరికొచ్చాడు.

"డబ్బా తెచ్చిండ్రా సార్? మా ఇంటామె అడుగుతుంది."

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఇంట్లో రెండు పూటలా పీచుతో తోమాను. మూత తీసి వాసన చూశాడు.

"ఆయిల్ వాసన పోలె," అన్నాడు. మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

షోరూం వాళ్ళు మళ్ళీ రమ్మంటే వెళ్ళలేదు. నేను రిటైరైన వారానికి అతని షెడ్డుకు వెళ్ళి, మీకు ఉపయోగపడేది ఏం చేయగలనో చెప్పమన్నాను. నట్లు బిగిస్తూనే చెప్పాడు.

"పవర్ పెంచుమని వస్తరు గద, ఆల్లకు మీరే చెప్పుండ్రి సార్ వద్దని. నేను చెప్తె ఇనరు. మీ మాటైతె ఇంటరు. నా మీద చెప్తె ఇన్నరు గద."

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు బోరబండ వెళ్తున్నాను. ట్యాంకర్ల వాళ్ళు, మట్టి తోలేవాళ్ళు వస్తారు. ఇంజన్‌లో ఎంత పవర్ ఉందో, అందులో కొంత ఎందుకు దాచిపెట్టి ఉంచారో, ఆ దాచిందే రేపటికి మిగిలే ఆయుష్షని చెబుతాను. కొందరు వింటారు. కొందరు నన్ను ఎగాదిగా చూసి, చిప్పు పెట్టే మరో షెడ్డుకు పోతారు. అతను మాత్రం మళ్ళీ పెట్టలేదు.

నాకు కుర్చీ వేయడు. మూలనున్న పాత టైరు చూపిస్తాడు, దాని మీద కూర్చుంటాను. క్షమించానని అతను ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఇంజన్ విప్పినప్పుడు, పాడైన భాగాన్ని ఆయిలుతో, మసితో అలాగే తెచ్చి నా ముందు పాత పేపరు మీద పెడతాడు.

"చూడుండ్రి," అంటాడు.

చూస్తాను. ఇద్దరం చూడటం అయ్యాక కడుగుతాను. కడగడం నా పని.